మంచు వీడకముందే నారు: అమెరికా తెలుగు పెరళ్లలో వసంత సన్నాహం

ఉగాది వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఎండలు ముదురుతాయి, వేసవి పంటగా పెట్టిన బీర, సొర, దోస పాదులు అప్పటికే తీగ సాగి ఉంటాయి. అదే రోజుల్లో అమెరికా ఈశాన్య, మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరళ్లలో నేల ఇంకా చల్లగానే ఉంటుంది, చాలాచోట్ల రాత్రివేళ నీరు గడ్డకడుతుంది. వంగ, బెండ, గోంగూర, సొర, కాకర వంటి ఉష్ణమండలపు పంటలకు అక్కడ లభించే వెచ్చని కాలం సుమారు ఐదు నెలలే కాబట్టి, ఫిబ్రవరి నుంచి మే వరకు ఇంటిలోపలా పెరటిలోనూ జరిగే సన్నాహమే ఆ ఏటి కాపును నిర్ణయిస్తుంది.

ఈ సన్నాహానికంతటికీ ఆధారమైన తేదీ ఒకటుంది. వసంతంలో రాత్రి ఉష్ణోగ్రత చివరిసారిగా 0 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయి ఆకులపై మంచు పేరుకునే రోజును తుది మంచు తేదీ అంటారు. ఇది డల్లాస్ ప్రాంతంలో సాధారణంగా మార్చి మధ్యలోనూ, అట్లాంటాలో మార్చి చివర లేదా ఏప్రిల్ మొదట్లోనూ, న్యూజెర్సీలో చాలాచోట్ల ఏప్రిల్ చివర లేదా మే మొదట్లోనూ వస్తుంది. అయితే ఇది అనేక సంవత్సరాల సగటు మాత్రమే గనుక, ఆ తేదీ దాటిన తరువాత కూడా మంచు కురిసే ఏడాదులు ఉంటాయన్న సంగతిని గుర్తుంచుకోవాలి. అమెరికా వ్యవసాయ శాఖ 1960లో తొలిసారి ప్రచురించి, 2023లో మళ్లీ సవరించిన మండలాల పటాన్ని కొందరు దీనితో కలిపి చూస్తారు. దేశాన్ని 13 మండలాలుగా విభజించే ఆ పటం చలికాలపు అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటును చెబుతుందే తప్ప, విత్తే రోజును చెప్పదు. నిమ్మ, మల్లె, కరివేప వంటి బహువార్షికాలు ఆరుబయట చలికాలాన్ని తట్టుకుంటాయా లేదా అన్నది తెలుసుకోవడానికి అది అక్కరకు వస్తుంది. ఒక్క కారుతో ముగిసిపోయే కూరగాయలకు తుది మంచు తేదీయే ప్రమాణం.

ఆ తేదీ నుంచి వెనక్కు లెక్కించి నారు పోయడం తరువాతి పని. నెమ్మదిగా ఎదిగే వంగ, మిరప విత్తనాలను నాటే రోజుకు 8 నుంచి 10 వారాల ముందు, టమాటాను 6 నుంచి 8 వారాల ముందు ఇంటిలోపల ట్రేలలో వేయాలి. సొర, బీర, కాకర, దోస మొక్కల వేళ్లు కదిలిస్తే ఓర్చుకోలేవు గనుక వాటిని 3, 4 వారాలకు మించి ముందుగా వేయకుండా, విడివిడి కుండీలలోనే మొలకెత్తించి మట్టిబెడ్డతో సహా నాటాలి. కాకర, సొర గింజల పెంకు గట్టిది కావడంవల్ల వాటిని రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి వెచ్చనిచోట ఉంచితే మొలక త్వరగా కనిపిస్తుంది. వంగ, మిరప, తీగజాతి విత్తనాలు 24 నుంచి 32 డిగ్రీల మధ్య బాగా మొలుస్తాయి. మట్టి 16 డిగ్రీలకన్నా చల్లబడితే చాలావరకు మొలవకుండా కుళ్లిపోతాయి.

మొలిచిన నారుకు ఆ తరువాత కావలసింది వెలుతురు. శీతకాలపు కిటికీ వెలుగు చాలక మొక్కలు కాడలు సాగి, పాలిపోయి, ఒరిగిపోతాయి కాబట్టి, ఎల్‌ఈడీ దీపాలను మొక్కల తలలకు బాగా దగ్గరగా వేలాడదీసి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించడం మేలు. నీరు ఎక్కువై గాలి ఆడని ట్రేలలో మట్టిలోని శిలీంధ్రాలు మొదలు దగ్గర కాండాన్ని తినివేయడంతో నారు నిలువునా కూలిపోతుంది. దీనినే నారుకుళ్లు తెగులు అంటారు. పెరటిమట్టికి బదులు శుభ్రమైన నారుమిశ్రమం వాడి, పైపొర కొద్దిగా ఆరిన తరువాతే నీరు పెట్టి, సన్నగా గాలి తగిలేలా చూస్తే ఈ తెగులు చాలావరకు దరిచేరదు.

లోపల నారు ఎదుగుతుండగానే బయట నేలను సిద్ధం చేయాలి. మంచు కరిగి తడిసి ముద్దయిన మట్టిని తొందరపడి తవ్వితే అది గడ్డలు కట్టి, ఏడాది పొడవునా వేళ్లకు గాలి అందనీయదు. పదునుకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు మట్టిని పిడికిట్లో నొక్కి చూడటం తెలుగు రైతుకు తెలిసిన పరీక్షే: ఉండగా నిలిచిపోతే ఆగాలి, వేలితో తాకగానే పొడిగా విడిపోతే తవ్వవచ్చు. అప్పుడు 2 నుంచి 5 సెంటీమీటర్ల మందాన కంపోస్టు పరచి పైమట్టిలో కలపాలి. చలి ప్రాంతాల్లో నేలకన్నా ఎత్తుగా కట్టిన మళ్లు త్వరగా వెచ్చబడతాయి, నల్లని ప్లాస్టిక్ పరచినా అదే మేలు కలుగుతుంది. అమెరికాలో 1914 నాటి చట్టంతో ఏర్పడి విశ్వవిద్యాలయాల ఆధ్వర్యంలో నడుస్తున్న వ్యవసాయ విస్తరణ సేవల ద్వారా భూసార పరీక్షలు చేయించుకోవచ్చు. గృహాలకు సీసం కలిసిన రంగులు వాడటాన్ని అక్కడ 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇళ్ల గోడల పక్కనున్న మట్టిలో సీసం మిగిలి ఉండే అవకాశం ఉన్నందున, ఆకుకూరలు, దుంపలు వేయదలచినవారు సీసం పరీక్షను కూడా తప్పక చేయించాలి.

పందిరి వేసే దిక్కును కూడా ముందే ఆలోచించుకోవాలి. ఆ ఉత్తర అక్షాంశాలలో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానికి వాలి ఉంటాడు గనుక, సొర, బీర పందిళ్లను మడికి ఉత్తరపు అంచున వేస్తే వాటి నీడ మిగిలిన మొక్కలపై పడదు. పాలకూర, ముల్లంగి, బఠాణీ, కొత్తిమీర చల్లదనాన్ని ఇష్టపడేవి కాబట్టి వీటిని తుది మంచుకు కొన్ని వారాల ముందే నేరుగా విత్తుకోవచ్చు. ఎండలు ముదిరితే కొత్తిమీర ఆకు వేయడం మాని పూతకు పోతుంది.

పంటల ఎంపికలో చాలామంది గమనించని అంశం పగటి పొడవు. జూన్‌లో హైదరాబాదులో పగలు సుమారు 13 గంటలు ఉండగా, న్యూజెర్సీలో సుమారు 15 గంటలు ఉంటుంది. రాత్రులు పొడవైనప్పుడే పూసే మొక్కలను హ్రస్వదివస మొక్కలు అంటారు, మన నాటు చిక్కుడు రకాలు చాలావరకు ఈ కోవకే చెందుతాయి. వేసవి అంతా అవి ఏపుగా తీగ సాగినా, పూత సెప్టెంబరులో గానీ రాక, కాయ ముదిరేలోగా చలి ముంచుకొస్తుంది. అందువల్ల పగటి పొడవుతో నిమిత్తం లేకుండా త్వరగా కాసే రకాలను అడిగి తెచ్చుకోవాలి. గోంగూరదీ హ్రస్వదివస స్వభావమే అయినా, కావలసింది ఆకే గనుక పూత ఆలస్యం కావడం అక్కడ లాభమే అవుతుంది.

నారును బయటకు తెచ్చేముందు 7 నుంచి 10 రోజులపాటు అలవాటు చేయించాలి; మొదట నీడలో గంటా రెండు గంటలు ఉంచి, తరువాత క్రమంగా ఎండకూ గాలికీ సమయం పెంచుకుంటూ పోవాలి. ఆపైన కూడా రాత్రి ఉష్ణోగ్రతలు 10 డిగ్రీలకు పైన నిలకడగా నిలిచేవరకు వంగ, బెండ, తీగజాతి మొక్కలను నేలలో పెట్టరాదు, ఎందుకంటే చలికి బిగుసుకున్న మొక్క వారాలపాటు ఎదగక, ఆలస్యంగా నాటినదానికన్నా వెనుకబడుతుంది. చలికాలమంతా ఇంట్లో కుండీలో గడిపిన కరివేప మొక్కకూ ఇదే నియమం వర్తిస్తుంది.

కరివేప విషయంలో చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. నిమ్మజాతి చెట్లను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగుకు కరివేప ఆశ్రయమిస్తుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. అందువల్లనే ఆంక్షలున్న ప్రాంతాల నుంచి కరివేప మొక్కలను ఇతర రాష్ట్రాలకు తరలించడంపై నిబంధనలు అమలులో ఉన్నాయి. భారతదేశం నుంచి విత్తనాలు తీసుకువెళ్లాలన్నా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, కస్టమ్స్‌లో వెల్లడించాలి. తెలుగువారికి కావలసిన కూరగాయల విత్తనాలను అమెరికాలోనే అమ్మే సంస్థలు ఉన్నాయి కనుక, సూట్‌కేసులో దాచి తీసుకువెళ్లవలసిన అవసరం ఎవరికీ లేదు. ఊరి విత్తనంపై ఎంత మమకారమున్నా, దానితోపాటు ఒక తెగులును పొరుగువారి తోటలోకి చేర్చే హక్కు ఎవరికీ ఉండదు. తుది మంచు తేదీని తెలుసుకుని, దాన్నిబట్టి నారు పోసి, నేల వెచ్చబడేవరకు ఓపిక పట్టినవారికి ఆ కొద్దికాలపు వేసవి కూడా ఇంటికి సరిపడా కూరను ఇవ్వగలదు. ఈ ఏడు పెరడు సాగు చేయదలచిన ప్రతి కుటుంబం ముందుగా ఆ ఒక్క తేదీని కనుక్కుని పని మొదలుపెట్టాలి.