జపాన్ ఇల్లాలు: మన ఊహలో, ఆమె ఇంట్లో

అమెరికా జీతం, ఇంగ్లండులో ఇల్లు, చైనా వంటవాడు, జపాన్ భార్య, ఈ నాలుగూ ఉంటే మగవాడికి భూమ్మీదే స్వర్గమని ఓ పాత హాస్యం ఉంది. మీరూ ఏ పెళ్లిపందిట్లోనో, రైలు ప్రయాణంలోనో వినే ఉంటారు. చెప్పేవాళ్లలో జపాన్ ఇంటి గడప తొక్కినవాళ్లెందరో అడగకండి. జపాన్ ఇల్లాలనగానే మన కళ్లముందు కదిలేది పట్టు కిమోనో, బొమ్మలాంటి తెల్లని ముఖం, నడుం వంచి పెట్టే దణ్ణం, మారు మాటాడని నోరు. ఆవిడ భర్తేమో మరయంత్రం, నిమిషం ఆలస్యం చెయ్యడు. పన్నెండు కోట్ల పైచిలుకు జనం ఉన్న దేశానికి ఈ రెండు బొమ్మలతో సరిపెట్టేశాం!

ముందు ఆ కిమోనో సంగతి చూద్దాం. అది పెళ్లిళ్లకీ, పండగలకీ, ఇరవయ్యేళ్లు నిండిన పిల్లలకి జరిపే వేడుకకీ బీరువాలోంచి బయటికి వస్తుంది. దాన్ని ఒక్కరే కట్టుకోవడం రాని ఆడవాళ్లు బోలెడుమంది. అది నేర్పడానికి బడులే ఉన్నాయి. మామూలు రోజున ఆవిడ మనలాగే పొద్దున్నే లేచి కుక్కరులో బియ్యం పడేసి, పిల్లల భోజనం డబ్బాలు సర్దుతుంది. ఎండ కాస్తే చాలు, పరుపులు బాల్కనీ పిట్టగోడ మీద ఆరేస్తుంది, ఉతికిన బట్టలు దండేనికెక్కిస్తుంది. ఆ దండేనికి కావలసిన గెడలు అమ్మేవాడు చిన్న లారీలో మైకు పెట్టుకుని, రాగం తీస్తూ వీధుల్లో తిరిగేవాడు. పాత పేపర్లు తీసుకుని మరుగుదొడ్డి కాగితం చుట్టలిచ్చే వర్తకులూ ఉండేవారు. మనకి పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చినట్టే అనుకోండి. ఇప్పుడు తగ్గారు గాని, యంత్రాల దేశంలో వీధి కేకలు వినిపించేవంటే మనవాళ్లు నమ్మరు.

మరి నోరెత్తని ఇల్లాలు? అసలు చెప్పవలసింది ఇక్కడే ఉంది. జపాన్‌లో చాలా ఇళ్లలో నెలజీతం భార్య చేతికి వస్తుంది. అద్దె, ఫీజులు, బియ్యం, చేపలు అన్నీ లెక్కేసుకుని, భర్తకి నెలకింతని చేతిఖర్చు ఆవిడే ఇస్తుంది. చాలకపోతే ఆయన మళ్లీ అడగాల్సిందే. ఇంకో ముచ్చట వినండి. ఎవరికీ చెప్పకుండా ఇల్లాలు దాచుకునే డబ్బుకి వాళ్ల భాషలో ప్రత్యేకంగా ఒక మాట ఉంది, ‘హెసొకురి’ అని. మన పోపులడబ్బాలో చిల్లర లాంటిదే!

ఈ లెక్కల వెనక ఒక స్త్రీ ఉంది. పేరు హని మొతొకొ, 1873లో పుట్టింది. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో చేరి విలేఖరి అయింది. ఆ దేశంలో తొలి మహిళా పాత్రికేయురాలిగా ఆమెనే చెప్పుకుంటారు. భర్తతో కలిసి 1903లో ఆడవాళ్ల పత్రిక పెట్టి, మరుసటి ఏడాది ఇల్లాళ్ల కోసం పద్దు పుస్తకం అచ్చువేసింది. ఖర్చయ్యాక రాసుకోవడం కాదు, నెల మొదట్లోనే దేనికెంతో కేటాయించుకుని, ఆ గీత దాటామా లేదా చూసుకోవడం ఆ పద్ధతి. నూరేళ్లు దాటినా అలాంటి పుస్తకాలు అక్కడ ఏటా అమ్ముడుపోతున్నాయి. యుద్ధంలో చితికిపోయిన దేశానికి పెట్టుబడి కావలసివచ్చి, 1952లో పొదుపు ప్రచారానికి ఒక కేంద్ర సంఘమే పెట్టి, ఇంటింటికీ ఈ అలవాటు ఎక్కించారు. కాబట్టి “వాళ్ల రక్తంలోనే పొదుపు ఉందండీ, మనకెక్కడ వస్తుంది?” అనేవారితో నేను ఏకీభవించను. నేర్పితే వచ్చింది, అంతే.

నిమిషం తప్పకపోవడమూ అలా వచ్చిందే. పూర్వం వాళ్లు పగటిని ఆరు భాగాలు, రాత్రిని ఆరు భాగాలు చేసుకునేవారు. మన ఘడియ ఎప్పుడైనా 24 నిమిషాలే. వాళ్ల భాగం మాత్రం వేసవి పగలు సాగేది, చలికాలం పగలు కుదించుకుపోయేది. అలాంటప్పుడు నిమిషానికి విలువెక్కడిది? 1850లలో నాగసాకిలో ఓడ విద్య నేర్పడానికొచ్చిన ఒక డచ్చి అధికారి, ఈ జనానికి తొందరన్నదే లేదని విసుక్కుంటూ రాసుకున్నాడు. 1873లో మన గడియారాల లెక్క వచ్చింది. అప్పటికీ అలవాటు కాక, 1920లో జూన్ 10వ తేదీని ‘కాలం దినం’గా పెట్టి, వేళ పాటించండని జనాన్ని బతిమాలవలసి వచ్చింది.

సరే, అణకువ మాట. 1918 జూలైలో బియ్యం ధర మండిపోతుంటే, తొయామా తీరాన ఉవొజు అనే ఊళ్లో బెస్త ఆడవాళ్లు రేవుకి వెళ్లి, తమ ఊరి బియ్యం ఓడలకెక్కకుండా అడ్డుపడ్డారు. మగవాళ్లు చాలామంది దూరసముద్రాల్లో వేటకెళ్లి ఉన్నారు. ఇళ్లలో గంజికీ గతిలేని రోజులు. ఆ నిప్పు దేశమంతా అంటుకుని సెప్టెంబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. బొమ్మలు చేసే పనేనా ఇది?

అలాగని అక్కడంతా ఆడవాళ్ల రాజ్యమనీ అనుకోవద్దు. ఓటుహక్కు వచ్చాక, 1946 ఏప్రిల్‌లో 39 మంది స్త్రీలు పార్లమెంటుకి ఎన్నికయ్యారు. అంతకుముందు చట్టం దృష్టిలో భార్య భర్త అనుమతి లేకుండా ముఖ్యమైన ఒప్పందమేదీ చేసుకోలేని మనిషి. ఈనాటికీ పెళ్లయితే దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలన్నది చట్టం. ఎవరిదైనా పెట్టుకోవచ్చునట! కాని నూటికి తొంభై అయిదు జంటల్లో పేరు మార్చుకునేది భార్యే. పర్సు చేతిలో ఉంది, పేరు చేతిలో లేదు. అణిగిమణిగి ఉండడం ఆమె స్వభావం అనుకునేవారికి ఈ చిక్కు కనిపించనే కనిపించదు. ఆమెకి కష్టమన్న ఆలోచనే రాదు.

ఇక మన గురించి వాళ్లేమనుకుంటారో తెలుసా? తలపాగా, ఏనుగు, సినిమా పాటలు, లెక్కల్లో ఘనులు, రెండంకెల ఎక్కాలు కూడా గడగడా అప్పజెబుతారని. 2022 అక్టోబరులో ‘ఆర్ ఆర్ ఆర్’ అక్కడ విడుదలై ఏడాదికి పైగా ఆడాక, నాటు నాటుకి గెంతడం కూడా ఆ జాబితాలో చేరి ఉంటుంది. అన్నిటికన్నా ముందుండేది, ఇండియావాళ్లు మూడు పూటలా కర్రీ తింటారన్న మాట. వాళ్లింట కర్రీ అంటే ఇంగ్లీషువాళ్ల ద్వారా చేరి, బంగాళాదుంప, క్యారెట్టు, మాంసం వేసి చిక్కగా ఉడికించి అన్నం మీద పోసుకునేది. మనం రోజూ కూర తినే మాట నిజమే కదా, అవునంటాం. తీరా బెండకాయ వేపుడు వడ్డించి ఇదే మా కూర అంటే, మర్యాదగా తలూపి, కర్రీ ఇంకా రాలేదేమని ఎదురుచూస్తారు.