చలిప్రదేశములలో పిల్లల దుస్తులు

మంచుగడ్డను దూరము తీసికొనిపోవువారు దానిని రంపపు పొట్టులో పొదిగి, పైన గోనెపట్టా చుట్టుదురు. అట్లు చుట్టిన గడ్డ త్వరగా కరగదు. అదే గోనెపట్టాను చలిరాత్రి మనిషి కప్పుకొన్నచో వెచ్చగా నుండును. ఒకే వస్తువు ఒకచోట చల్లదనమును, మరొకచోట వెచ్చదనమును ఎట్లు కాపాడుచున్నది? బట్టకు వేడిని పుట్టించు శక్తి లేదు. వేడి ఒక వైపునుండి మరొక వైపునకు పోకుండ అడ్డుపడుటయే దాని పని. మంచుగడ్డకు బయటి వేడి తగలనీయదు. మనిషి దేహములోని వేడిని బయటికి పోనీయదు. పిల్లలను తీవ్రమైన చలిప్రదేశములకు తీసికొనిపోవు తల్లిదండ్రులు మొదట గ్రహింపవలసిన సూత్రమిదియే.

బొంరాస్‌పేట, వికారాబాదు, తాండూరు ప్రాంతముల వారికి చలి క్రొత్త కాదు. డిసెంబరు, జనవరి నెలలలో కొన్ని తెల్లవారుజాములందు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడు కంటె దిగువకు పోవుటయు కలదు. కాని ప్రొద్దెక్కగానే ఆ చలి విరిగిపోవును. సెలవులలో మంచు చూడవలెనని కుటుంబములు వెళ్లు కాశ్మీరములోని గుల్‌మార్గు సంగతి వేరు. వికారాబాదు పీఠభూమి ఎత్తు సుమారు 600 మీటర్లు. గుల్‌మార్గు ఎత్తు సుమారు 2,650 మీటర్లు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తునకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గును. అనగా ఎత్తు ఒక్కటి చేతనే 13 డిగ్రీల తేడా వచ్చును. ఉత్తర దిక్కున నుండుట, నేలనంతటిని మంచు కప్పియుండుట దానికి తోడగును. ఇక్కడ చాలిన స్వెట్టరు, మంకీటోపీ అక్కడ చాలవు.

పిల్లలకే చలి ఎక్కువ ఏల?

ఒక సెంటీమీటరు భుజము గల ఘనమును, రెండు సెంటీమీటర్ల భుజము గల ఘనమును పోల్చి చూడుడు. మొదటిదాని ఘనపరిమాణము 1, ఉపరితల వైశాల్యము 6. రెండవదాని ఘనపరిమాణము 8, వైశాల్యము 24. చిన్నదానిలో ఒక్కొక్క ఘన సెంటీమీటరునకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలముండగా, పెద్దదానిలో 3 మాత్రమే కలదు. వస్తువు చిన్నదగు కొలది, దాని పరిమాణమునకు ఉపరితలము హెచ్చును.

దేహములో వేడి కండరములందును, అవయవములందును పుట్టును. పోవునది ముఖ్యముగా చర్మము ద్వారా. 65 కిలోల పెద్దవానికి కిలో బరువునకు సుమారు 265 చదరపు సెంటీమీటర్ల చర్మము కలదు. 20 కిలోల ఆరేండ్ల పిల్లవానికి అది సుమారు 400. కావుననే ఒకే చలిలో నిలిచిన తండ్రికంటె కొడుకు త్వరగా చల్లబడును. పసికందుల స్థితి మరింత సున్నితము. వారు పెద్దవారివలె వణికి వేడి పుట్టించుకొనలేరు. పైగా శిశువు తల దేహ ఉపరితలములో ఇంచుమించు అయిదవ వంతు. పెద్దవారిలో అది పదవ వంతునకు మించదు. అందుచే శిశువునకు టోపీ అలంకారము కాదు, అవసరము.

గొంగడి, బొంత నేర్పు పాఠము

కదలని గాలి వేడిని అతి తక్కువగా ప్రసరింపజేయును. నీరు దానికంటె దాదాపు 25 రెట్లు సులభముగా వేడిని కొనిపోవును. ఉన్నిపోగులు వంకరలు తిరిగి, వాటి నడుమ గాలిని బంధించి యుంచును. గొర్రెలకాపరి గొంగడి వెచ్చగా నుండుటకు ఇదియే కారణము. పాతచీరలను పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతలోను పొరకును పొరకును మధ్య గాలి నిలుచును. ఒక మందపు గుడ్డకంటె, అంతే బరువుగల పలుచని పొరలు మేలనుటకు బొంతయే నిదర్శనము.

మంచుప్రదేశములలో ఈ సూత్రము ననుసరించియే మూడు పొరలు తొడుగుదురు. మొదటిది చర్మమునకు ఆనుకొనునది. ఇది పలుచని ఉన్నితో గాని, చెమటను పట్టి యుంచని కృత్రిమపు దారముతో గాని చేసినదై యుండవలెను. నూలు బనియను ఇక్కడ పనికిరాదు. అది చెమటను పీల్చుకొని తడిగానే యుండును. ఉన్ని తన బరువులో మూడవ వంతు వరకు తేమను పీల్చుకొన్నను తడిగా తోచదు. రెండవ పొర గాలిని పట్టి యుంచు స్వెట్టరు. మూడవది గాలిని, మంచును లోనికి రానీయని పైకోటు. ఈ పొరలు వదులుగా నుండవలెను. బిగుతైనచో నడుమనుండు గాలి నలిగిపోయి, బట్ట యున్నను ఫలితముండదు.

పరుగెత్తి ఆడు పిల్లవానికి చెమట పట్టకముందే ఒక పొర తీసివేయవలెను. ఆట ఆగగానే తిరిగి తొడుగవలెను. ఎత్తుకొన్న పిల్ల సంగతి ఇందుకు విరుద్ధము. నడుచుచున్న తల్లి కండరములు వేడి పుట్టించుచుండును. ఆమె చంకలోని బిడ్డ కదలక యుండును. తల్లికి వెచ్చగా నున్నది కాబట్టి బిడ్డకును అట్లే యున్నదని తలచుట పొరపాటు. బిడ్డకు తల్లికంటె ఒక పొర అధికముగా నుండవలెను. మెడ వెనుకను, రొమ్మునను చేయి పెట్టి చూచిన నిజము తెలియును. బిడ్డ ముక్కును, నోటిని మాత్రము ఎన్నడును కప్పరాదు.

చేతులకు వేళ్లన్నియు ఒకే సంచిలో నుండు తొడుగులు మేలు. వేళ్లు విడివిడిగా నున్నచో ఉపరితలము పెరుగును. ఇదియు పైన చెప్పిన ఘనముల లెక్కయే. ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్లు తొడుగుటకంటె, కాలివ్రేళ్లు కదలు బూటులో ఒక ఉన్ని మేజోడు మంచిది. బిగుతు వలన గాలియే కాక రక్తప్రసారము కూడ తగ్గును.

గాలి వీచినప్పుడు

దేహము చుట్టునుండు వెచ్చని గాలిపొరను ఈదురుగాలి ఎగురగొట్టును. అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనువారు నీరు గడ్డకట్టు కాలమును కొలిచి, ఈ ప్రభావమును లెక్కించి 1945లో ప్రకటించిరి. 2001లో అమెరికా, కెనడాలు సవరించిన సూత్రము ప్రకారము, ఉష్ణోగ్రత సున్నకు 10 డిగ్రీలు దిగువనుండి గంటకు 30 కిలోమీటర్ల గాలి వీచినచో, ముఖమునకు అది సున్నకు 20 డిగ్రీల దిగువనున్న చలివలె తోచును.

తెలుగు పిల్లలు ఇంతకంటె ఘోరమైన చలిని ఎదుర్కొనిరి. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ ఎవరెస్టు శిఖరమును టిబెట్టు వైపునుండి ఎక్కిరి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన పూర్ణకు అప్పటికి 13 సంవత్సరముల 11 నెలలు. వారు ముందుగా భువనగిరి కొండపైనను, పిమ్మట డార్జిలింగు, లడఖులలోను శిక్షణ పొందిరి. చలిని గెలుచుటకు ధైర్యముతోపాటు క్రమమైన సన్నాహము కావలెనని వారి యాత్ర తెలుపుచున్నది.

అపాయ చిహ్నములు

దేహపు సహజోష్ణత 37 డిగ్రీలు. అది 35 డిగ్రీల కంటె తగ్గినచో హైపోథెర్మియా అందురు. పిల్లవాడు మొదట వణకును. ఆ వణకు ఆగి, మత్తుగా నుండి, అడుగులు తడబడినచో చలి తగ్గినదని సంతోషింపరాదు. అపాయము ముదిరినదని గ్రహింపవలెను. పసిబిడ్డ చర్మము ఎఱ్ఱగా ఆరోగ్యముగా కనబడుచునే చల్లగా నుండవచ్చును; పాలు త్రాగక, నీరసముగా నుండును. వెంటనే తడిబట్టలు తీసి, పొడిబట్టలు చుట్టి, తల్లి రొమ్మునకు ఆనించి వైద్యునివద్దకు కొనిపోవలెను.

ముక్కుకొన, చెవితమ్మె, వేళ్లు పాలిపోయి స్పర్శ తెలియకున్నచో అది మంచుకాటు. ఆ చోట రుద్దరాదు. నిప్పునకు చూపరాదు, స్పర్శ లేని చర్మము కాలినను తెలియదు. గోరువెచ్చని నీటిలో నుంచి వైద్యసహాయము పొందవలెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఒకే రకపు నాలుగు సీసాలలో సమానముగా 60 డిగ్రీల వేడినీరు పోయుడు. మొదటిదానిని వట్టిగా నుంచుడు. రెండవదానికి ఉన్నిగుడ్డను వదులుగా, మూడవదానికి అట్టిదానినే బిగించి, నాలుగవదానికి తడిపి చుట్టుడు. నాలుగింటిని పంకా ఎదుట పెట్టి, అరగంటసేపు అయిదేసి నిమిషములకు ఒకసారి ఉష్ణోగ్రతలను వ్రాసి గ్రాఫు గీయుడు. వదులుగా చుట్టిన పొడిగుడ్డకును, తడిగుడ్డకును గల భేదము ఆ గీతలలో స్పష్టముగా కనబడును. ప్రయాణమునకు ముందు పెట్టెలో ఏ బట్టలు సర్దవలెనో ఆ గ్రాఫు చూచిన విద్యార్థియే ఇంటివారికి చెప్పగలడు.