పాప నర్సింగ్ పాసైంది.. ముందు ఆస్పత్రా, కాలేజీనా?

పోయిన ఆదివారం సోనాపూర్ క్యాంపులో ఒక అన్న అడిగాడు: "పాపకి బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. ఊరి దగ్గర నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా రమ్మంటున్నారు. నైట్ డ్యూటీలు ఉండవు. చేర్పించమంటావా?" ఇళ్ళల్లో పనిచేసే అక్కలు కూడా ఇదే అడుగుతున్నారు.

నా మాట ఒకటే. ముందు ఆస్పత్రి, కనీసం రెండేళ్ళు.

పని చేతికొచ్చేది వార్డులోనే. పేషెంట్ పరిస్థితి దిగజారుతుంటే కనిపెట్టడం పుస్తకంలో రాదు. ట్యూటర్ పోస్టుకి బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాలన్నా ఏడాది అనుభవం కావాలి.

రేపు గల్ఫ్‌కి రావాలనుకుంటే ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడ నర్సు ఉద్యోగాలకి ఎక్కువగా రెండేళ్ళ ఆస్పత్రి అనుభవం అడుగుతారు. మా అక్క కూతురు మూడేళ్ళు ట్యూటర్‌గా చేసి ఇక్కడికి అప్లై చేసింది. వార్డు అనుభవం లేదని పక్కన పెట్టారు. మళ్ళీ ఊళ్ళో కొత్త స్టాఫ్ నర్సు జీతంతో మొదలుపెట్టింది. ఆ కాలేజీలో చేరమని చెప్పింది నేనే.

"ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ నేను తెప్పిస్తా" అనే ఏజెంటుని నమ్మకండి. డేటాఫ్లో వాళ్ళు నేరుగా ఆ ఆస్పత్రినే అడుగుతారు. దొంగదని తేలితే లైసెన్స్ దారే మూసుకుపోతుంది.

ఆస్పత్రిలో చేరేటప్పుడు ఇవి చూసుకోండి:

• ముందుగా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించాలి.
• అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకోవాలి. జీతం బ్యాంకులో పడాలి.
• మానేసేటప్పుడు ఏ వార్డులో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చేసిందో రాయించుకోవాలి.
• ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచొద్దు. చూపించి, జిరాక్స్ ఇస్తే చాలు.
• నైట్ డ్యూటీకి హాస్టల్, బండి సౌకర్యం ఉందో లేదో ముందే అడగండి.

ఇంటి పరిస్థితి వల్ల కాలేజీలోనే చేరాల్సి వస్తే, సొంత ఆస్పత్రి ఉన్న కాలేజీ చూసుకోండి. వారంలో కొన్ని రోజులు వార్డు డ్యూటీ ఇస్తామని కాగితం మీద రాయించుకోండి.

గల్ఫ్‌కి వచ్చే నర్సుకి ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు ఉన్నా ఈ-మైగ్రేట్ క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెంటు ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదు. రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి. తెలంగాణ వాళ్ళు టామ్‌కామ్‌లో, ఆంధ్రా వాళ్ళు ఓంక్యాప్‌లో ముందు అడగండి. రెండూ ప్రభుత్వ సంస్థలే.

పాప నైట్ డ్యూటీ అంటే మనకి భయం ఉంటుంది, నిజమే. కానీ వద్దని చెప్పేముందు తనకేం కావాలో ఒకసారి ఫోన్ చేసి అడగండి.