చివరి రోమన్ కంచు నాణేల గుర్తింపు

క్రీ.శ. 294 ప్రాంతంలో డయొక్లీషియన్ చక్రవర్తి చేసిన నాణేల సంస్కరణ మొదలుకొని 498లో అనస్తాసియస్ చేసిన సంస్కరణ వరకు రోమన్ సామ్రాజ్యంలో ముద్రింపబడిన రాగి, కంచు నాణేలను చివరి రోమన్ కంచు నాణేలు అంటారు. ఇవి సాధారణంగా అరిగిపోయి దొరుకుతాయి కనుక వీటిని గుర్తించడం తొలుత అసాధ్యమనిపిస్తుంది. అయితే చక్రవర్తి పేరు పూర్తిగా చెరిగిపోయిన నాణేన్ని కూడా పరిమాణాన్ని, బొరుసుపై ఉన్న చిత్రాన్ని కలిపి చూసి చాలాసార్లు కొద్ది సంవత్సరాల తేడాతో కాలనిర్ణయం చేయవచ్చు. తవ్వకాలలో ఇది చాలా ముఖ్యం. కదలని ఒక పొరలో దొరికిన నాణెం కంటే ఆ పొర పాతది కాజాలదు.

== పరిమాణం ==

వీటిలో అనేక నాణేల అసలు పేర్లు నేడు తెలియవు. అందువలన పండితులు వ్యాసాన్ని బట్టి నాలుగు తరగతులు చేశారు: 25 మిల్లీమీటర్లకు మించినవి మొదటి తరగతి, 21-25 రెండవది, 17-21 మూడవది, 17 కంటే చిన్నవి నాలుగవది. 294లో సుమారు 10 గ్రాములున్న నాణెం 313 నాటికి మూడున్నర గ్రాములకు, నాలుగవ శతాబ్దం చివరికి సుమారు ఒక గ్రాముకు పడిపోయింది.

== బొరుసు ==

గుర్తింపులో ఎక్కువగా తోడ్పడేది బొరుసే. 330లో మొదలైన "గ్లోరియా ఎక్సెర్కిటుస్" నాణెంపై ఇద్దరు సైనికుల నడుమ రెండు ధ్వజాలుంటాయి. 335 ప్రాంతం నుండి నాణెం చిన్నదై, ధ్వజం ఒక్కటే మిగిలింది. కనుక అక్షరాలు చదవలేకపోయినా ధ్వజాలను లెక్కిస్తే చాలు. తోడేలు ఇద్దరు శిశువులకు పాలిచ్చే చిత్రం రోమ్ నగరం పేరిట వెలువడింది. 348 నుండి ముద్రించిన "ఫెల్ టెంప్ రెపరాటియో" నాణేలలో, గుర్రంపై నుండి పడుతున్న శత్రువును సైనికుడు బల్లెంతో పొడిచే రకం అత్యంత సాధారణం. దీనికి అనధికార అనుకరణలు కూడా ఎన్నో ఉన్నాయి. అవి చిన్నవిగా, వంకర అక్షరాలతో ఉంటాయి.

తరచు పొరబడే జంట ఒకటుంది. 364-378 నాటి "గ్లోరియా రొమనోరుమ్"లో చక్రవర్తి బందీని ఈడ్చుకెళ్తాడు. 388 తరువాతి "సాలుస్ రెయిపుబ్లికే"లో విజయదేవత ఈడ్చుకెళ్తుంది. అరిగిన నాణెంపై రెండూ ఒకేలా కనబడతాయి. మొదటిది సుమారు 17-19 మిల్లీమీటర్లు, రెండవది 12-14 మాత్రమే. ఇక్కడ కంటికంటే కొలబద్దే నమ్మదగినది.

== బొమ్మ వైపు ==

కాన్‌స్టాంటినస్, కాన్‌స్టాంటియస్ అనే పేర్లకు లాటిన్ అక్షరాలలో భేదం చివరనున్న ఒక్క 'ఎన్' మాత్రమే. పైగా తండ్రీకొడుకులిద్దరికీ కాన్‌స్టాంటినస్ అనే పేరుంది. బిరుదు యువరాజుదైతే అది సాధారణంగా కొడుకు నాణెం. చక్రవర్తి తలపై ఆకుల దండకు బదులు ముత్యాల పట్టీ ఉంటే నాణెం సాధారణంగా 324 తరువాతిది.

== టంకశాల గుర్తు ==

బొరుసు అడుగున గీత క్రింద టంకశాల పేరు సంక్షిప్తంగా ఉంటుంది. దాని పక్కనున్న అక్షరం కార్ఖానాను తెలుపుతుంది. తూర్పు టంకశాలలలో ఇది గ్రీకు అక్షరం. ఆర్లెస్ నగరానికి కాన్‌స్టాంటినా అని పేరు పెట్టినందున దాని గుర్తును కాన్‌స్టాంటినోపుల్‌ది అని భ్రమపడడం పరిపాటి.

== శుభ్రపరచడం ==

ఆమ్లంతో కడిగితే కిలుముతోపాటు అక్షరాలు కూడా పోతాయి. కంచుపై సహజంగా ఏర్పడిన పొరే చిత్రపు వివరాలను నిలిపి ఉంచుతుంది. స్వేదనజలంలో నానబెట్టి మెత్తని కుంచెతో తుడవడం మేలు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది క్లోరైడుల వలన కలిగే కంచు తెగులు. అటువంటి నాణేన్ని విడిగా, పొడిగా ఉంచాలి.

== భారతదేశంలో ==

ఈ చిన్న కంచు నాణేలు తమిళనాడులోని కరూరు, మదురై ప్రాంతాలలోను, శ్రీలంకలో అధిక సంఖ్యలోను దొరికాయి. శ్రీలంకలో వీటికి స్థానిక అనుకరణలు కూడా ఉన్నాయి. తెలుగు ప్రాంతాలలో దొరికిన రోమన్ నాణేలలో అంతకు ముందరి కాలపు బంగారు, వెండి నాణేలే ఎక్కువ.