పసివాని పేర పరుగు



గడచిన పుష్యమాసమున మా సర్కిలులోని యొక గ్రామమున కాలువగట్టు మీద నొక యువకుడు తెల్లవారుజామున బయలుదేరి 42 కిలోమీటర్ల పైచిలుకు దూరము పరుగెత్తెను. అది పందెము కాదు, బహుమానమును లేదు. ఆ యూరి సంఘసభ్యు డొకని కుమారుడు, ఏడేండ్ల పసివాడు, రక్తపు క్యాన్సరుతో బాధపడుచున్నాడు. వాని పేర నీ పరుగు సాగినది. ఈ సంగతి విని కొందఱు సభ్యులు మమ్ము నడిగిరి: "అయ్యా, ఒకడు పరుగెత్తిన వేఱొకని జబ్బెట్లు కుదురును? ఆ సత్తువ పొలములో పెట్టిన కూలియైన గిట్టునుగదా!"

ప్రశ్న సమంజసమైనదే. బిడ్డకు జబ్బు చేసినప్పుడు కాలినడకన కొండకు వచ్చెదనని తల్లి మ్రొక్కుకొనుట మనకు క్రొత్త గాదు. ఒకరి బాధకై మఱియొకరు తమ దేహమును శ్రమపెట్టుకొనుట మన యెఱిగిన ధర్మమే. అయితే నీ పరుగునందు మఱియొక యుపయోగము గూడ కలదు. దానిని వివరించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మారథాను పరుగు

పూర్వము గ్రీసు దేశమున మారథాను అను చోట జరిగిన యుద్ధములో గెలుపువార్తను ఒక దూత ఏథెన్సు నగరమునకు పరుగున గొనిపోయెనని కథ చెప్పుదురు. దానినిబట్టి 1896 సంవత్సరమున ఏథెన్సులో జరిగిన ఒలింపిక్ క్రీడలయందు సుమారు 40 కిలోమీటర్ల పరుగు నేర్పఱచిరి. అందు గెలిచిన స్పిరిడాన్ లూయీ నీళ్లు మోసి యమ్ముకొని జీవించు కుటుంబమువాడు. 1908లో లండను క్రీడలనాడు దూరము 26 మైళ్ల 385 గజములాయెను. 1921లో దానినే స్థిరపఱచిరి. అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మన పాత లెక్కను సుమారు పదుమూడు కోసులు.

ఇంత దూరము ఒక్కనాటి యుత్సాహముతో సాగునది గాదు. మొదటి వారముననే నలువది కిలోమీటర్లు పరుగెత్తబోవువాడు, నారు పోసిన వారమునకే కొడవలి పట్టినవానివంటివాడు. నాలుగైదు నెలలు సాధన కావలయును. వారమున కొక్కనాడు మాత్రము దీర్ఘముగ పరుగెత్తి, ఆ దూరమును కొద్దికొద్దిగ పెంచుకొనుచు, నడుమ దినములలో దేహమునకు విశ్రాంతి నొసగవలయును. సాధనలో ముప్పది, ముప్పదిరెండు కిలోమీటర్లకు మించి పరుగెత్తువారు తక్కువ. కడపటి పది కిలోమీటర్లు ఆ దినమునకే మిగిల్చియుంతురు. మన ప్రాంతమున నిది చలికాలపు పని. ఎండ ముదరకముందే ముగియవలయును. దారిలో నీరును ఉప్పును అందవలయును. గుండెజబ్బు గలవారు వైద్యుని సలహా లేక తలపెట్టరాదు.

న్యూయార్కున 38 మంది

వ్యాధితో నున్న బిడ్డ పేర పరుగెత్తు పద్ధతికి పేరుపొందిన యుదాహరణ మొకటి అమెరికాలో నున్నది. న్యూయార్కు రాష్ట్రములోని రై అను పట్టణమున బ్రూస్ క్లీలాండ్ అను నాతని చిన్నకూతురు జార్జియాకు ల్యుకీమియా, అనగా రక్తపు క్యాన్సరు, వచ్చెను. చికిత్సవలన నా బిడ్డ బ్రతికెను. ఆ తండ్రి, తన బిడ్డ బ్రతికెనని ఇంట కూర్చుండక, 1988లో మిత్రులను బంధువులను కూడగట్టి 38 మందితో నొక జట్టు నేర్పఱచెను. అందఱును కలసి సాధన చేసి న్యూయార్కు మారథానులో పరుగెత్తిరి. ఒక్కొక్కరు తమ యెఱిగినవారిని, "నేనింత శ్రమ పడుచున్నాను, మీరు మీ శక్తికొలది యిండు" అని యడిగిరి. అట్లు 3,22,000 డాలర్లు పోగై ల్యుకీమియా వ్యాధి నిర్మూలనమునకు పాటుపడు సంఘమునకు చేరెను. ఆ జట్టును జూచి దేశమంతట నట్టి జట్లు పుట్టినవి.

ఇందలి కీలకమును మన సభ్యులు సులభముగ గ్రహింపగలరు. ఊరక చేయి చాచి యడుగువానికి ఇచ్చుటకు మనసు సందేహించును. తానే ముందు కష్టపడి, ఆ కష్టమును పూచీగా చూపువానికి ఇచ్చుటకు సందేహింపదు. మన సంఘమున జామీనుదారు మాటకు విలువ యెట్లో, పరుగెత్తువాని చెమటకు విలువ యట్టిది. పరుగు మందు గాదు. మందు బిడ్డకు చేరు దారి.

వ్యాధి స్వరూపము

వరిచేలో ఊద మొలచుట మీ రెఱుగుదురు. లేతగా నున్నప్పుడు అది వరిమొక్కవలెనే యుండును. వరితోపాటు నీరు త్రాగి, ఎరువు తిని, వరికంటె త్వరగ పెరుగును. గింజ మాత్ర మక్కఱకు రాదు. ఎముకల లోపలి మూలుగలో రక్తకణములు పుట్టును. ల్యుకీమియాలో ముదరని తెల్లకణములు మితిమీఱి పుట్టి, ఊదవలె చేనంతయు నాక్రమించును. అప్పుడు ఎఱ్ఱకణములు తగ్గి బిడ్డ పాలిపోవును. రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావము కలుగును. మంచి తెల్లకణములు తగ్గి జ్వరము విడువదు.

కావున బిడ్డకు విడువని జ్వరము, పాలిపోవుట, దెబ్బ తగులకయే చర్మముపై నల్లమచ్చలు గాని ఎఱ్ఱని చుక్కలు గాని, చిగుళ్లనుండియో ముక్కునుండియో రక్తము, కాళ్ల యెముకలలో నొప్పి, మెడలో చంకలలో గడ్డలు కనబడినచో జాగు చేయరాదు. ఈ లక్షణములు వేఱు జబ్బులయందును ఉండవచ్చును, రక్తపరీక్షయే తేల్చును. ఇది అంటువ్యాధి కాదు. ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండినను, ఆ బిడ్డ గిన్నెలో తినినను ఇతరులకు రాదు.

భీమవరపు బిడ్డడు

ఈ వ్యాధికి మందు దొరకిన కథలో తెలుగువాని చేయి గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరు అను నూర లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్దగా నుండిరి. బోదకాలు రాకుండ ఆరోగ్యకార్యకర్తలు మన యిండ్లకు వచ్చి మ్రింగించు డై ఇథైల్ కార్బమజీను మాత్ర ఆయన కాలమున ఆ ప్రయోగశాలలోనే వెలువడినది.

1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక పోషకపదార్థమును తీసి, లాటిను భాషలో ఆకు అని యర్థమిచ్చు పదమునుబట్టి దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరిడిరి. కణములు పెరుగుటకు అది కావలయును. సుబ్బారావుగారి బృందమువారు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ల్యుకీమియా బిడ్డలకు ఆ జాతి మందు నిచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మాఱు హెచ్చెను. అయినచో దానికి ప్రతికూలమైనది వ్యాధిని తగ్గింపవలయునుగదా యని యాయన తలపోసెను. సుబ్బారావుగారి బృందమువారు ఫోలిక్ ఆసిడ్‌ను పోలియుండి దాని పని చేయని పదార్థములను చేసియిచ్చిరి. తాలుగింజ చూపునకు వడ్లగింజయే, విత్తిన మొలవదు. అట్లే ఆ కణములు తాలును తిని పెరుగుట మానినవి. ఫార్బరు 1948లో ప్రకటించిన వృత్తాంతమున మందు పుచ్చుకొనిన 16 మంది బిడ్డలలో 10 మందికి గుణము కనబడెను. ఆ గుణము కొన్ని నెలలే నిలిచినను, అంతకుముందు ఆశయే లేని వ్యాధికి మొదటి యాశ యదియే. సుబ్బారావుగారు ఆ సంవత్సరము ఆగస్టులోనే స్వర్గస్థులైరి. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని ఈ వ్యాధి చికిత్సలో వాడుకలో నున్నది. ఇప్పుడు సంపన్నదేశములలో బిడ్డలకు ఎక్కువగా వచ్చు రకపు ల్యుకీమియా పదింట తొమ్మిదిమందికి దాదాపుగ కుదురుచున్నది.

తలకొక డాలరు

కెనడా దేశమున టెర్రీ ఫాక్స్ అను యువకునికి 1977లో ఎముక క్యాన్సరు వచ్చి కుడికాలు మోకాలికి పైగా తీసివేసిరి. ఆసుపత్రిలో తనతోపాటు బాధపడుచున్న బిడ్డలను జూచి యాతని మనసు కరగెను. 1980 ఏప్రిలు 12న కృత్రిమమైన కాలితో దేశపు తూర్పుతీరమునుండి బయలుదేరి దినమునకు సుమారొక మారథాను దూరము చొప్పున 143 దినములు పరుగెత్తెను. 5,373 కిలోమీటర్లు గడచునప్పటికి వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకి, సెప్టెంబరు 1న నిలువవలసి వచ్చెను. దేశమున తల కొక డాలరు చొప్పున పరిశోధనకు రావలయునని యాతని కోరిక. 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షలకు పైగా డాలర్లు చేరెను. కెనడా జనసంఖ్యయు రమారమి యంతియే. ఆ జూను నెలలో 22వ యేట నాతడు కాలధర్మము నొందెను. ధనవంతుని లక్షకంటె తలకొక రూపాయి గొప్పదని సహకారోద్యమము మొదటినుండి చెప్పుచున్నది. ఆ మాటకు ఇంతకన్న వేఱు సాక్ష్యమేల?

మా పొరపాటు

ఇక మా సర్కిలులోని బిడ్డ సంగతి. దాచక చెప్పవలసిన విషయ మొకటి గలదు. నారుమడి ప్రదర్శనకై ఆ యూరికి పోయిననాడు ఆ తల్లి బిడ్డను దెచ్చి, "అయ్యగారూ, వీడు దూడల వెంట పరుగెత్తుట మానినాడు, కాళ్లు నొప్పి యంటాడు, చూడండి" అనెను. మేము చూచి, రక్తము తక్కువగా నున్నది, తోటకూర, మునగాకు, బెల్లము పెట్టుమని చెప్పి మా పని చూచుకొంటిమి. ఆకుకూర తినినందున చెడుపు లేదు. ఆ జబ్బు దానివలన రాదు. కాని మా మాట నమ్మి వారు రెండు నెలలు వైద్యుని యొద్దకు పోలేదు. పైరున తెగులు కనబడిన వెంటనే ఆకు కోసి పరీక్షకు పంపుమని ఊరూర చెప్పు మేము, బిడ్డ రక్తమును పరీక్షింపించుడని చెప్పలేకపోతిమి. ముక్కున రక్తము పడినపిమ్మట పట్టణమున పరీక్ష చేసి హైదరాబాదునకు పంపిరి. నాటినుండి ఆ యింటి ముందునుండి పోవునప్పుడెల్ల మాకు తల దించుకొన బుద్ధి పుట్టును.

ఎనిమిదవ నెలలో మఱియొక యాపద వచ్చెను. బిడ్డ ముఖము తేటపడెను, ఆకలి పుట్టెను. తండ్రి ఎద్దులు అమ్మియుండెను. మందులు ప్రభుత్వపు పథకముక్రింద వచ్చినను, దారిఖర్చులు, బస, పోయిన కూలిదినములు ఎవ్వరిచ్చెదరు? "కుదిరినాడుగదా, ఇక చాలు" అని యాతడు ఆసుపత్రి మానుటకు సిద్ధపడెను. ఊద పైకి కనబడకున్నంతమాత్రమున విత్తనము నేలలో లేదని యెవ్వరనగలరు? ఈ చికిత్స రెండు మూడు సంవత్సరములు సాగవలయును. నడుమ మానిన వ్యాధి తిరిగి వచ్చును. మన దేశమున బిడ్డలు చేజాఱుటకు ఇట్లు మానుటయు నొక ముఖ్యకారణము.

అప్పుడే పోలీసు ఉద్యోగమునకై ప్రతిదినము గట్టుమీద పరుగు సాధన చేయుచున్న పొరుగింటి యువకుడు సంఘము మీటింగులో లేచి, "నాకు డబ్బు లేదు, కాళ్లున్నవి" అనెను. ఐదు నెలలు సాధన చేసెను. కోతలైన పిదప, కిలోమీటరు కింతయని కొందఱు రూపాయలును, కొందఱు కుంచములకొలది వడ్లును వ్రాయించిరి. కాటా వేసి, రసీదు లిచ్చి, సంఘపు ఖాతాలో జమకట్టిరి. గట్టు మీద రెండుసార్లు పోయి రెండుసార్లు వచ్చుటతో దూరము సరిపోయెను. మందులవలన బిడ్డకు రోగనిరోధశక్తి తక్కువ గావున గుంపులోనికి తేరాదని వైద్యులు చెప్పియుండిరి. వాడు మేడమీద తల్లి యొడిలో కూర్చుండి, ఎన్నిమార్లు తిరిగెనో వ్రేళ్లతో లెక్కపెట్టుచుండెను. నాలుగవ మాఱు ఆ యువకుడు కుంటుచు వచ్చి చేయి యెత్తగా, వాడును చేయి యెత్తెను. వచ్చిన ద్రవ్యము ఆఱు నెలల రాకపోకలకు సరిపోయినది. తండ్రి ఆసుపత్రి మానలేదు. చికిత్స యింకను ఒక సంవత్సరముండును. ముగింపు మేము చెప్పజాలము. నడుమ తెగకుండుట మాత్రమే మన చేతిలోనిది.

సంఘములు చేయదగినవి

1. బిడ్డ పేర ధనము కూర్చునప్పుడు ప్రతి పైసకు రసీదుండవలయును; లెక్కను సంఘపు గోడమీద అంటింపవలయును. ఒకనాడు లెక్క తప్పిన మఱియొక బిడ్డకు పుట్టదు.

2. తల్లిదండ్రులు సమ్మతింపనిదే బిడ్డ పేరును ఫోటోను ఊరేగింపరాదు.

3. ధనములేనివారు రక్తమీయవచ్చును. 18 మొదలు 65 ఏండ్ల లోపు వయస్సును, 45 కిలోల బరువును గలిగి ఆరోగ్యముగ నున్నవారు, పురుషులు మూడు నెలలకును స్త్రీలు నాలుగు నెలలకును ఒకమాఱు ఈయవచ్చును. ప్లేట్‌లెట్లు ఐదు దినములకంటె నిలువయుండవు. కావున దాతల పట్టిక ముందే వ్రాసి యుంచవలయును.

4. ఆసుపత్రికి పోవలసిన దినములలో ఆ రైతు పొలమునకు నీరు పెట్టుట, పశువులకు మేత వేయుట వంతులవారీగ పంచుకొనవలయును. ఇది యన్నిటికంటె చౌక, అన్నిటికంటె ముఖ్యము.

అందఱును పరుగెత్త నక్కఱలేదు. పరుగెత్తువాడొకడు, వడ్లు కొలుచువాడొకడు, రక్తమిచ్చువాడొకడు, మడికి నీరు కట్టువాడొకడు ఉన్నచో చాలును. బిడ్డ కాళ్లు నొప్పి యని మీలో నెవ్వరైన మాతో చెప్పినయెడల, ఇకమీదట మేము మునగాకు మాట యెత్తక, రక్తపరీక్షకు పొండని చెప్పెదము.