పావలాతో పాటే పోయిన చాక్లెట్లు

చిన్నప్పటి చాక్లెట్ కొట్లో కనబడకపోతే, ఈ కాలం పిల్లలకు ఆ రుచి నచ్చలేదేమో అనుకుంటాం. లెక్క చూస్తే వాటిలో కొన్నింటిని ముంచింది రుచి కాదు, చిల్లర.

2011 జూన్ 30తో పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి ఇప్పటికీ చట్టం ప్రకారం చెల్లుతుంది గానీ, కొట్లో ఇస్తే తీసుకునేవాళ్లు అరుదు. ఇక అర్ధరూపాయి చాక్లెట్ ధర పెంచాలంటే ఏకంగా రూపాయి చెయ్యాలి. అంటే ఒక్క దెబ్బకు 100 శాతం. బిస్కెట్ల కంపెనీకి ఈ చిక్కు లేదు. ప్యాకెట్ ధర 5 రూపాయలే ఉంచి లోపల రెండు బిస్కెట్లు తగ్గించగలదు. బుగ్గన పెట్టుకునే బిళ్ళలో తగ్గించడానికి ఏముంటుంది? చక్కెర, కరెంటు, కూలి మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

పాన్ పసంద్, మ్యాంగో మూడ్ తయారుచేసిన నాసిక్ జిల్లా సంస్థ రావల్‌గావ్‌కు జరిగింది ఇదే. 2024 ఫిబ్రవరిలో తన చాక్లెట్ బ్రాండ్లను 27 కోట్ల రూపాయలకు రిలయన్స్‌కు అమ్మేసింది. పెరిగిన ఖర్చులకు తగ్గట్టు ధర పెంచలేకపోవడానికి చిన్న నాణేలు లేకపోవడం కూడా ఒక కారణమని తనే చెప్పుకుంది. పోటీ కూడా దెబ్బతీసిందనుకోండి.

గోల్డ్ స్పాట్ కూల్‌డ్రింకు సంగతి వేరు. 1993లో పార్లే నుంచి దాన్ని కొన్న కోకాకోలాకు సొంత ఆరెంజ్ డ్రింకు ఫాంటా ఉంది. రెండోది ఎందుకని ఆపేసింది. తాగేవాళ్లు లేక కాదు.

పోయినవన్నీ పోయినట్టే కాదు. 2006లో ఆగిన రోలా కోలా చాక్లెట్ కోసం 2019లో అభిమానులు ట్విట్టర్‌లో గొడవ పెడితే, 10,000 రీట్వీట్లు తెస్తే మళ్లీ చేస్తామంది పార్లే. ఆ ఏడాదే తెచ్చింది. కాంపా కోలా కూల్‌డ్రింకును కొన్న రిలయన్స్ 2023 మార్చిలో దాన్ని మళ్లీ మొదటగా దించింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే.

ఇలా తిరిగొచ్చేవి పెద్ద కంపెనీల చేతిలో ఉన్న పేర్లే. మన వీధి చివర గాజు సీసాల్లో అమ్మిన ఊరి మిఠాయిల కోసం ఎవరికి ట్వీట్ చేస్తాం? అందుకే ఇంకా బతికున్నవాటిని వెతికి కొనండి. 1919 నాటి సోడా వ్యాపారంలోంచి రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ కూల్‌డ్రింకు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ దొరుకుతోంది.