ఒంటికి పడే సబ్బు ఇంట్లోనే!

పొలం నుంచి వచ్చి బట్టల సబ్బుతోనే ఒళ్లు రుద్దుకునే వాళ్లు మన పల్లెల్లో తక్కువేం కాదు. మురికి వదులుతుంది కదా అనుకుంటారు గానీ, దాంతో చర్మం మీది జిడ్డంతా పోయి మోచేతులు, పిక్కలు తెల్లగా పొరలు లేస్తాయి. పగిలిన చర్మానికి ఎరువు, పురుగుమందు, చెమట తగిలితే మంటే మంట. వయ్యారిభామ పీకే కూలీల సంగతి మరీ చెప్పక్కర్లేదు. ఆ మొక్క తగిలితేనే కొందరికి దద్దుర్లు వస్తాయి. ఇలాంటి వాళ్లకు ఘాటు వాసన సబ్బులు కూడా పడవు. పడేవి కొందామంటే ధర ఎక్కువ.

కొనేటప్పుడు ముందుగా రేపరు చూడండి. 'టి.ఎఫ్.ఎం.' అని ఒక అంకె ఉంటుంది. సబ్బులో కొవ్వు పదార్థం ఎంతో చెప్పే లెక్క అది. 76 శాతం, అంతకు పైన ఉంటే మొదటి గ్రేడు, 70 అయితే రెండు, 60 అయితే మూడు. 'బేతింగ్ బార్' అని రాసి ఉంటే అది టాయిలెట్ సబ్బు కిందకు రాదు, అందులో 40 శాతం ఉన్నా సరిపోతుంది. చవగ్గా వచ్చింది కదా అని తెచ్చుకునేవి చాలావరకు ఇవే.

ఇక సొంతంగా చేసుకునే పద్ధతి. నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిస్తే సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల ఆ గ్లిజరిన్‌ను వేరుచేసి అమ్ముకుంటారు. మన సబ్బులో అది అలాగే ఉండిపోతుంది. చర్మం బిగుసుకుపోకుండా చూసేది అదే.

కిలో నూనెకు లెక్క ఇది: వేరుశనగ నూనె 350 గ్రాములు, పామాయిల్ 350, కొబ్బరి నూనె 250, ఆముదం 50. దీనికి కాస్టిక్ సోడా 137 గ్రాములు, నీళ్లు 320 గ్రాములు. కొబ్బరి నూనె ఎక్కువ వేస్తే నురగ బాగా వస్తుంది, కానీ చర్మం ఎండిపోతుంది. అందుకే పావు వంతుతో ఆపాం. సోడా కూడా నూనెకు పట్టేదానికంటే ఏడెనిమిది శాతం తగ్గించి చెప్పాం, కొంత నూనె సబ్బులో మిగలాలని. కాబట్టి గ్లాసులతో, గుప్పెళ్లతో కొలవకండి. నూనె మార్చినా లెక్క మారుతుంది. కిరాణా కొట్లో గ్రాముల్లో చూపే ఎలక్ట్రానిక్ కాటా మీద అన్నీ తూయించుకోండి, నూనెలతో సహా.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. కాస్టిక్ సోడా ఒంటి మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. మందు కొట్టేటప్పుడు వాడే చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఆరుబయట చేయండి. స్టీలు గిన్నె వాడండి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది, మండే గ్యాసు కూడా వస్తుంది. నీళ్లలో సోడాను కొంచెం కొంచెంగా వేయాలి. సోడా మీద నీళ్లు పోశారంటే ఎగిరి మీద పడుతుంది. కలపగానే అది పొగలు కక్కుతూ వేడెక్కుతుంది, భయపడొద్దు, ఆవిరి మాత్రం పీల్చకండి. ఒంటి మీద పడితే వెంటనే పావుగంటకు తగ్గకుండా నీళ్లు పోస్తూ కడగండి. కంట్లో పడితే అలాగే కడిగి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. సోడా నీళ్లను తాగే సీసాలో, చెంబులో పోసి పెట్టొద్దు. మంచినీళ్లనుకుని పిల్లలు తాగితే గొంతు కాలిపోతుంది. చిన్నపిల్లలు కాళ్లకు అడ్డం తిరిగే ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దనే నా మాట. అలాంటి ఇంటికి పెసరపిండి చాలు, దానికి ఏ సోడా అక్కర్లేదు.

సోడా నీళ్లు గోరువెచ్చగా అయ్యాక నూనెల్లో సన్నటి ధారగా పోస్తూ కవ్వంతో కలపండి. చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకడితే ముందే కరిగించుకోవాలి. మిక్సీలో వేయొద్దు. అరగంట నుంచి గంట పట్టొచ్చు, చెయ్యి నొప్పి పుడితే మధ్యలో కాసేపు ఆగినా ఏమీ కాదు. మిశ్రమం చిక్కబడి, కవ్వం ఎత్తితే జారిన ధార పైన గీతలా నిలిచిందంటే అయినట్టే. ప్లాస్టిక్ కాగితం పరిచిన అట్టపెట్టెలో పోసి గోనెపట్టా కప్పండి. ఒకటి రెండు రోజులకు గట్టిపడుతుంది. తొడుగులు వేసుకునే ముక్కలు కోయండి. పన్నెండు బిళ్లల దాకా వస్తాయి. నీడలో, గాలి తగిలేలా నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. తొందరపడి వాడితే మంట పుడుతుంది, సబ్బు కూడా త్వరగా అరిగిపోతుంది.

పడని చర్మం ఉన్నవాళ్లు సెంటు, రంగు, కర్పూరం ఏదీ కలపొద్దు. నిమ్మరసం పోస్తే సోడా కొంత అందులోనే ఖర్చయిపోయి లెక్క తప్పుతుంది. పసుపు వేస్తే ఎర్రబడుతుంది. దాన్ని చూసి సోడా ఎక్కువైందని పారబోసుకునే వాళ్లున్నారు. ఏ సబ్బైనా క్షారమే, పసుపు తగిలితే ఎర్రబడక తప్పదు. నిజంగా సోడా ఎక్కువైతే బిళ్ల పెళుసుగా పొడి రాలుతుంది, కోస్తే లోపల నీటి చుక్కలు కనపడతాయి. అది ఒంటికి పనికిరాదు.

మొదటిసారి మోచేతి లోపలి వైపు కాస్త రాసి కడిగి ఒక రోజు చూడండి. నురగ రాని బోరు నీళ్లయితే ఏ సబ్బుకైనా తెట్టు కట్టి ఒంటికి అంటుకుంటుంది, బాగా కడుక్కోవాలి. గజ్జి, తామర, చీము పట్టిన పుళ్లకు ఇది మందు కాదు, డాక్టరుకు చూపించండి.

ఖర్చు సంగతి దాచేదేముంది? నూనెలన్నీ కొట్లో కొంటే చవక సబ్బు కంటే ఇది తక్కువలో పడదు. సొంత పల్లీలు గానుగ ఆడించుకునే వాళ్లకు, పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లున్న వాళ్లకు, ఖరీదైన సబ్బు కొనక తప్పని ఇళ్లకు మాత్రం కలిసొస్తుంది. ఇదంతా ఇంటి వాడకానికే సుమా! చేసి అమ్మాలంటే 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి నిబంధనల కింద లైసెన్సు తీసుకోవాలి.